సముద్రపు గోడ మీద ఫ్రెంచి పాట: సెత్ కోట రంగశాలలో కచేరీ వినడానికి సమగ్ర మార్గదర్శి

ఫ్రాన్సులో 'షాన్సోన్' అంటే మామూలుగా పాట అనే అర్థం. కాని ఆ మాటను అక్కడివారు కాస్త గౌరవంగా పలికినప్పుడు, సాహిత్యం ముందు నడిచి బాణీ దాని వెనుక నడిచే ఒక సంప్రదాయాన్ని గురించి మాట్లాడుతున్నారని గ్రహించాలి. మన పద్యనాటకంలో నటుడు రాగం ఎంత సాగదీసినా ప్రేక్షకుడు ఆనందిస్తాడు గాని, పద్యంలోని మాటను మింగేస్తే ఊరుకోడు. షాన్సోన్ శ్రోతకూ అదే పట్టుదల ఉంటుంది. అందువల్ల ఇలాంటి పాటను ఇరవై వేల మంది కిక్కిరిసిన క్రీడా ప్రాంగణంలో తెర మీద చూడటం కంటే, గాయకుడి పెదవుల కదలిక కంటికి ఆనేంత చిన్న చోట వినడమే మేలు. అటువంటి చోటు సముద్రపు ఒడ్డున ఉంటే హాయి పెరుగుతుంది, ఇబ్బందులు కూడా కొన్ని పెరుగుతాయి. ఈ వ్యాసంలో నేను చెప్పే జాగ్రత్తలన్నీ చివరికి ఒకే పని కోసం: పాడినవారి మాట మీ చెవిదాకా చేరాలి, చేరిన మాట మీకు అర్థం కావాలి.

ఉదాహరణకు దక్షిణ ఫ్రాన్సులోని సెత్ పట్టణాన్ని తీసుకుంటున్నాను. ఇతర తీరపట్టణాలకు వెళ్లేవారికీ ఇందులో చాలాభాగం పనికివస్తుంది.

ఎందుకు సెత్?

సెత్ పట్టణం మధ్యధరా సముద్రానికీ 'తో' అనే ఉప్పునీటి సరస్సుకూ మధ్య, కాలువలతో చీలికలై, సాఁ క్లేర్ అనే ఒక్క కొండకు ఒరిగి ఉంటుంది. ఫ్రెంచి రాజు 14వ లూయీ కాలంలో, 1666లో, దక్షిణ ఫ్రాన్సుకు అడ్డంగా పడవల రాకపోకల కోసం తవ్విన మీదీ కాలువకు సముద్రపు వాకిలిగా ఇక్కడ రేవు కట్టడం మొదలుపెట్టారు. ఊరు ఇప్పటికీ చేపల రేవే. అలంకరించుకుని కూర్చున్న విహారస్థలం కాదు. కాని ఇంత చిన్న ఊరు ఫ్రెంచి సాహిత్యానికీ నాటకానికీ పాటకూ తలా ఒకరిని ఇచ్చింది. కవి పోల్ వలేరీ ఇక్కడే పుట్టి, ఇక్కడి సముద్ర శ్మశానవాటికలోనే నిద్రిస్తున్నారు. 1947లో అవిన్యోఁ నాటకోత్సవాన్ని ప్రారంభించిన జాఁ విలార్ 1912లో ఇక్కడే జన్మించారు. షాన్సోన్‌కు పెద్దదిక్కుగా ఫ్రెంచివారు భావించే జోర్జ్ బ్రాసాన్స్‌ది కూడా ఈ ఊరే. ఆయన 1921లో పుట్టి 1981లో మరణించారు.

విలార్ పేరునే పెట్టుకున్న ఆరుబయలు రంగశాల ఈ ఊళ్లో ఉంది. జనం మాత్రం దాన్ని 'తెయాత్ర్ ద లా మేర్', అంటే సముద్ర రంగశాల, అనే పిలుస్తారు. అది 18వ శతాబ్దంలో తీరరక్షణకు కట్టిన సాఁ పియేర్ కోట. ఆ కోట లోపలే ఇరవయ్యవ శతాబ్దంలో అర్ధచంద్రాకారంగా మెట్ల వరుసలు కట్టి వేదిక నిలిపారు. వేదిక వెనుక తెర ఉండదు, సముద్రమే ఉంటుంది. గాయకుడు మీవైపు తిరిగి పాడుతుండగా ఆయన భుజం మీదుగా ఏదో ఓడ దీపాలతో మెల్లగా సాగిపోతూ కనిపిస్తుంది.

కచేరీని ఎంచుకోవడం

ఈ రంగశాల వేసవిలో మాత్రమే మేల్కొంటుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు ఒక ఉత్సవం తరువాత మరొకటి దాన్ని అద్దెకు తీసుకున్నట్లుగా నడిపిస్తాయి: జులైలో జాజ్ ఉత్సవం, జులై చివర ఆగస్టు మొదట్లో ప్రపంచ సంగీతానికి చెందిన 'ఫియెస్తా సెత్', ఈ ఊరి ర్యాప్ గాయకుడు దెమీ పోర్సియోన్ నడిపే ర్యాప్ ఉత్సవం, బ్రాసాన్స్ పాటలోని నాయిక పేరు పెట్టుకున్న షాన్సోన్ ఉత్సవం. ఏ రాత్రి ఎవరు పాడతారో ఉత్సవాల జాలస్థలాల్లో ముందుగానే ప్రకటిస్తారు గనుక, ప్రయాణపు తేదీలు ముందు పెట్టుకుని కచేరీని వెదకడం కంటే, కచేరీని చూసుకుని దాని చుట్టూ ప్రయాణం అల్లుకోవడమే తెలివైన పద్ధతి.

ఫ్రెంచి అంతగా రానివారికి నా సలహా ఒకటి. మొదటి కచేరీకి ర్యాప్ గాయకుణ్ని ఎంచుకోకండి. అందులో మాట గొప్పదే గాని, నిమిషానికి వచ్చి పడే పదాల సంఖ్యకు కొత్త చెవి తట్టుకోలేదు. ఒక గిటారో పియానోనో పట్టుకుని, మరో ఇద్దరు ముగ్గురు వాద్యకారులతో వచ్చే గాయకుణ్నో గాయనినో ఎంచుకోండి. బ్రాసాన్స్ ఏళ్ల తరబడి తన గిటారు, పక్కన ఒక పెద్ద నిలువు బాసు వాయులీనం, అంతకుమించి పెద్దగా ఏమీ లేకుండానే సభలు నింపారు.

తేదీని ఎంచుకునే వెసులుబాటు ఉంటే పౌర్ణమికి దగ్గరగా చూసుకోండి. చాలామంది ఇక్కడ సముద్రంలో సూర్యాస్తమయం కనబడుతుందని ఆశపడతారు. నిజానికి వేదిక ఆగ్నేయపు వైపు సముద్రానికి వీపు పెట్టి ఉంటుంది కాబట్టి, సూర్యుడు మీ వెనుక సాఁ క్లేర్ కొండ వైపు దిగిపోతాడు. వేసవి పౌర్ణమి చంద్రుడు మాత్రం సరిగ్గా సూర్యాస్తమయ వేళకు ఆగ్నేయాన లేస్తాడు. సెత్‌లో జులై చివర సూర్యుడు రాత్రి 9 గంటల తరువాత అస్తమిస్తాడు, కచేరీలు కూడా ఇంచుమించు ఆ సమయానికే మొదలవుతాయి. మిగతాది మీరే ఊహించుకోవచ్చు.

టికెట్టు

టికెట్లను ఉత్సవ నిర్వాహకుల జాలస్థలంలో గాని, వారు స్వయంగా పేర్కొన్న విక్రేతల దగ్గర గాని కొనాలి. ఫ్రాన్సులో నిర్వాహకుల అనుమతి లేకుండా టికెట్లను అలవాటుగా తిరిగి అమ్మడం 2012 నుంచి నేరం, దానికి 15,000 యూరోల వరకు జరిమానా ఉంది. అయినా వెదుకులాటలో మొట్టమొదట కనిపించేవి తరచు ఇలాంటి అమ్మకందారుల ప్రకటనలే. అసలు ధర నలభై యూరోలున్న టికెట్టు నూట ముప్పైకి కనిపిస్తే, అది ఆఖరి అవకాశమని కంగారుపడకండి. నిర్వాహకుల జాలస్థలంలో అవే సీట్లు ఇంకా మిగిలి ఉండవచ్చు.

కొనేచోట నాలుగు ఫ్రెంచి మాటలు తప్పక ఎదురవుతాయి. 'ప్లాస్మాఁ లీబ్ర్' అంటే సీటు సంఖ్య లేదు, ముందు వచ్చినవారికి ముందు చోటు. 'అసీ' అంటే కూర్చుని, 'దబూ' అంటే నిలబడి. 'కోంప్లే' అంటే అయిపోయాయని. వీటిలో మొదటిది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే మీరు కోటకు ఎన్నింటికి చేరాలన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఫ్రాన్సులో ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులను 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉన్నా, తేదీ నిర్ణయమైన వినోద కార్యక్రమాలకు అది వర్తించదు. అందువల్ల భారతదేశం నుంచి వెళ్లేవారు వీసా సంగతి తేలక ముందే ఖరీదైన టికెట్టు కొంటే, ఆ సొమ్మును పణంగా పెట్టినట్టేనని తెలిసి కొనాలి. ఫ్రాన్సుతో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ స్వల్పకాలిక వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల లోపు మిగిలితే ఆశ వదులుకోవాలి. పెద్దలకు రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి. తెలుగువారు హైదరాబాదులోని దరఖాస్తు కేంద్రంలోనే వేలిముద్రలు ఇవ్వవచ్చు. జులై కచేరీకి మార్చిలోనే దరఖాస్తు చేస్తే మంచిది, వేసవి దగ్గరపడేకొద్దీ అపాయింట్‌మెంట్లు దొరకవు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకున్న తెలుగు కుటుంబాలకు మాత్రం ఈ పేరా అవసరం లేదు.

మాటలు నేర్చుకోవడం

అసలు పని ఇది. దీనికి కనీసం నెల రోజులు కేటాయించాలి.

గాయకుడి తాజా ఆల్బమ్‌లోని పాటలు ఆరు, పాతవాటిలో ప్రసిద్ధమైనవి నాలుగు ఎంచుకోండి. వేదికలు తిరుగుతున్న గాయకులు సాధారణంగా కొత్త ఆల్బమ్‌నే ఎక్కువగా పాడతారు. ఒక్కొక్క పాటను మొదట సాహిత్యం చూడకుండా మూడుసార్లు వినండి. తరువాత సాహిత్యం ముందు పెట్టుకుని వింటూ, చెవికి అందని చోటల్లా గీత గీయండి. ఆ గీతలే మీ పాఠ్యపుస్తకం.

గీతలు ఎక్కడెక్కడ పడతాయో నేను ముందే చెప్పగలను. ఫ్రెంచిలో పదం చివర రాసి పలకని 'అ' లాంటి అచ్చు ఒకటి ఉంటుంది. 'చిన్నది' అనే అర్థమిచ్చే మాటను వీధిలో 'ప్తీత్' అని ఒక్క ఊపులో అనేస్తారు. పాటలో అదే మాట 'ప-తీ-త' అని మూడు అక్షరాలుగా విచ్చుకుంటుంది. మన ఛందస్సులో లఘువు లెక్కకు వచ్చినట్లు, ఫ్రెంచి పాటలో ఈ మూగ అచ్చు లెక్కకు వస్తుంది. ఈ ఒక్క సూక్ష్మం పట్టుకుంటే, మాటల్లో అర్థం కాని ఫ్రెంచి పాటలో అర్థం కావడం మొదలవుతుంది. పైగా అజంతమైన తెలుగు చెవికి ఇది సహజంగానే ఇంపుగా ఉంటుంది. దక్షిణాదివారు మామూలు మాటల్లో కూడా ఈ అచ్చును పలుకుతారు గనుక, సెత్ బజారులో కూరలమ్మే ఆమె మాట పారిస్ అధికారి మాట కంటే మనకు తొందరగా తెలుస్తుంది.

రెండవ చిక్కు ఒకేలా వినిపించే మాటలు. 'మేర్' అంటే సముద్రం. తల్లి కూడా 'మేరే', నగరాధ్యక్షుడు కూడా 'మేరే'. రాతలో మూడూ వేరు, చెవికి మూడూ ఒకటే. ఫ్రెంచి పాటకవులు మన శ్లేషకవుల్లాగే దీనితో ఆడుకుంటారు; సముద్రం గురించి మొదలైన చరణం ఎప్పుడు అమ్మ గురించి అయిపోయిందో తెలియని చోట్లు ఉంటాయి. ఇలాంటి చోటు వచ్చినప్పుడు చుట్టూ జనం చిన్నగా నవ్వుతారు. ఆ నవ్వులో మీరూ కలవగలిగితే నెల రోజుల శ్రమ తీరినట్టే.

కచేరీకి ముందురోజే ఊరు చేరగలిగితే, ల పీ శ్మశానవాటిక ఎదుట 1991లో ఏర్పాటైన బ్రాసాన్స్ స్మారక ప్రదర్శనశాలకు వెళ్లండి. అక్కడ చెవికి తగిలించుకునే యంత్రంలో ఆయన మాటా పాటా వింటూ గదులన్నీ తిరగవచ్చు. తనను సెత్ సముద్రపు ఒడ్డున ఇసుకలో పూడ్చమని కోరుతూ ఆయన 1966లో ఒక పొడవైన పాట పాడారు. చివరికి సమాధి దొరికింది సముద్రం వైపు కాదు, సరస్సు వైపున్న ఆ శ్మశానంలో, సొంత కుటుంబం పక్కన. వలేరీ నిద్రిస్తున్న సముద్ర శ్మశానం సరిగ్గా మన రంగశాల నెత్తిన, కొండవాలు మీద ఉంది. ఈ రెండూ చూసిన తరువాత కోటలో కూర్చుంటే, పాడేవారు ఊరి పేరెత్తినప్పుడు జనం ఎందుకు చప్పట్లు కొడతారో ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రయాణం, బస, భోజనం

పారిస్‌లోని గార్ ద లియోన్ స్టేషను నుంచి సెత్‌కు వేగపు రైలులో సుమారు నాలుగు గంటలు. నేరుగా వెళ్లే బండి దొరకకపోతే మోంపెలియేలో దిగి ప్రాంతీయ రైలు ఎక్కితే ఇరవై నిమిషాల లోపే చేరుతారు. స్టేషను నుంచి కోటకు కాలువల వెంట నడక అరగంట.

మోంపెలియేలో బస పెట్టుకుని, రాత్రి కచేరీ అయ్యాక రైలులో తిరిగి వెళ్లవచ్చని లెక్కలు వేయకండి. కచేరీ ముగిసేసరికి ఆఖరి రైలు వెళ్లిపోయి ఉండే అవకాశమే ఎక్కువ, పైగా రైలు కోసం ఆఖరి రెండు పాటలు వదిలేసి పరుగెత్తడం కంటే నిరాశ మరొకటి లేదు. సెత్‌లోనే గది తీసుకోండి. అయితే ఆగస్టు చివరి వారంలో పడవల మీద నిలబడి బల్లేలతో ఒకరినొకరు నీళ్లలోకి తోసుకునే సాఁ లూయీ పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో ఊళ్లో గది దొరకడం గగనం.

రాత్రి భోజనానికి అక్కడి హోటళ్లు ఏడు, ఏడున్నర కాకుండా వంటింటి తలుపు తీయవు. సీటు సంఖ్య లేని కచేరీకి మీరు కోటకు చేరవలసింది కూడా ఆ వేళకే. అందుకని మధ్యాహ్నమే గట్టిగా తిని, సాయంత్రానికి ఊరి బజారులో ఏదైనా కొని ఉంచుకోవడం మంచిది. ఈ ఊరి ప్రత్యేకత 'తియెల్': ఇటలీ నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబాలు తెచ్చిన గుండ్రని రొట్టె, లోపల టమాటాతో కాస్త కారంగా వండిన ఆక్టోపస్ ముక్కలు. పైపెంకు నారింజ రంగులో ఉండి కూరగాయల పఫ్ లాగా కనిపిస్తుంది, శాకాహారులు మోసపోకూడదు. వారికి రొట్టె, జున్ను, పళ్లు సులభం.

గాలి, చోటు, చెవి

కోట ద్వారం దగ్గర సంచులు వెదుకుతారు. గాజు సీసాలు, గొడుగులు, పెద్ద సంచులు వెంట ఉంటే చిక్కే. వాన భయం ఉంటే మడిచిపెట్టుకునే కోటు చాలు. రాతి మెట్ల మీద రెండు గంటలు కూర్చోవాలి, చిన్న దిండు గాని మడిచిన దుప్పటి గాని తప్పదు. జులై పగటి ఎండ చూసి పలుచని చొక్కాతో వెళితే రాత్రి పది దాటాక పశ్చాత్తాపం మొదలవుతుంది. మన ఇంటి శాలువా ఒకటి భుజాన వేసుకోండి.

ఇక్కడి గాలులకు పేర్లున్నాయి. వాయవ్యం నుంచి పొడిగా, విసురుగా వచ్చేది 'త్రమోంతాన్'; సముద్రం మీదుగా తేమతో వచ్చేది 'మరిన్'. ఆ రోజు వీచేది ఏదో బస చేసిన ఇంటివారిని అడిగితే గుమ్మంలోకి వచ్చి, చెట్లు చూసి చెప్పేస్తారు. త్రమోంతాన్ అయితే అది మీ వీపు మీదుగా వేదిక వైపు, అక్కడినుంచి సముద్రంలోకి పోతుంది. గాలికి ఎదురు రావలసిన శబ్దం కాస్త పైకి వంగుతుంది, మైకులో కూడా గాలి గుసగుసలాడుతుంది; ముందు నష్టపోయేవి పదాల అంచుల్లో ఉండే స, ష, ఫ, త వంటి హల్లులు. అచ్చులు మిగులుతాయి, పాట వినబడుతూనే ఉంటుంది, మాట మాత్రం అరిగిపోతుంది. మొదటిసారి నేను దృశ్యం బాగుంటుందని పై వరుసకు ఎక్కి కూర్చున్నాను. సముద్రమంతా కనిపించింది. చరణాల్లో సగం సముద్రానికే చేరాయి.

అందువల్ల రెండు సూత్రాలు. గాలి గట్టిగా ఉన్న రాత్రి కింది వరుసల్లోకి దిగండి. గాలి లేని రాత్రి శబ్దనియంత్రణ బల్లకు దగ్గరగా, దానికి కాస్త ముందు కూర్చోండి. అక్కడివారు దాన్ని 'రెజీ' అంటారు. మీటలు తిప్పే మనిషి ఏ చెవులతో వింటున్నాడో ఆ చెవుల పక్కనే మీరూ ఉంటారు. కచేరీకి ముందు వాద్యకారులు కాగితాలను స్టాండుకు బట్టల క్లిప్పులతో బిగిస్తుంటే, ఒకటికి రెండు కాక నాలుగు క్లిప్పులు పెడుతుంటే, గాలి ఇంకా పెరుగుతుందని వారికి ఎవరో చెప్పారన్నమాట. అప్పుడే రెండు మెట్లు దిగిపోండి.

శబ్దం ఎక్కువైతే ఎలాగన్న బెంగ ఫ్రాన్సులో కొంత తక్కువ. 2017 నాటి ఉత్తర్వు ప్రకారం పదిహేను నిమిషాల సగటు 102 డెసిబెళ్లు దాటకూడదు, ఆరేళ్ల లోపు పిల్లల కార్యక్రమాలకైతే 94. నిర్వాహకులు చెవి బిరడాలను ఉచితంగా ఇవ్వాలి. అడిగి తీసుకోండి, ముఖ్యంగా పిల్లలు వెంట ఉంటే.

కచేరీ సాగుతుండగా

మొదట 'ప్రెమియేర్ పార్తీ' అని మరో గాయకుడు అరగంట పాడతారు. అసలు గాయకుడు రాలేదని ఆ సమయంలో కబుర్లు చెప్పుకోకండి. ఈ చిన్న భాగంలోనే మీ చెవి ఆ చోటికి అలవాటు పడుతుంది.

షాన్సోన్ సభలో జనం పాట మధ్యలో దాదాపు నిశ్శబ్దంగా ఉంటారు, పల్లవి అందించమని గాయకుడు మైకు చాచినప్పుడు మాత్రం గొంతు కలుపుతారు. మన పద్యనాటకాల్లో నచ్చిన పద్యానికి అక్కడికక్కడే 'వన్స్‌మోర్' అని అరిచి మళ్లీ పాడించుకునే అలవాటు ఇక్కడ లేదు. చివర అందరూ కలిసి ఒకే లయలో చప్పట్లు కొడుతూ 'యూన్ ఓత్ర్', అంటే ఇంకొకటి, అని కోరుతారు; గాయకుడు తిరిగి వచ్చి పాడేదాన్ని 'రప్పెల్' అంటారు. ఇంగ్లీషువారు ఇందుకు వాడే 'ఆన్‌కోర్' ఫ్రెంచి మాటే అయినా, ఫ్రెంచివారు దాన్ని ఇందుకు వాడకపోవడం నాకు ఇప్పటికీ వింతే. దీపాలు పూర్తిగా వెలిగేదాకా లేవకండి. ఇలాంటి చిన్న చోట కొందరు గాయకులు చివరి పాటను మైకు పక్కకు నెట్టి, వేదిక అంచున కూర్చుని పాడతారు. అప్పుడు వినిపించేవి రెండే: ఒక గొంతు, కోటగోడకు కింద తగులుతున్న నీరు. ఫోను పట్టుకున్న చేయి దించండి. వెనుకవారికి కూడా ఆ పెదవులు కనబడాలి.

ముగిశాక

ఆల్బమ్‌లు అమ్మే బల్ల దగ్గర పావుగంట ఆగితే గాయకుడే వచ్చి సంతకాలు చేసే అవకాశం ఉంటుంది. మాట్లాడేటప్పుడు 'త్యూ' కాదు, 'వూ' వాడాలి; నువ్వు, మీరు తేడా పుట్టుకతో తెలిసిన మనకు ఇది కొత్త కాదు. పూలు ఇవ్వదలిస్తే కార్నేషన్ పూలు మాత్రం వద్దు. ఒకప్పుడు నాటకశాలల యజమానులు ఒప్పందం కొనసాగించే నటీమణికి గులాబీలు, సాగనంపేవారికి కార్నేషన్లు పంపేవారని చెబుతారు. రంగస్థలం వారికి ఆ పూవంటే ఇప్పటికీ అపశకునమే. ఏదైనా ఒక పాటలోని ఒక్క పంక్తి మీకు ఎందుకు నచ్చిందో విరిగిన ఫ్రెంచిలోనే అయినా చెప్పండి. పాట రాసినవారికి, దూరదేశం నుంచి వచ్చిన మనిషి నోట తమ మాట వినబడటం పూలకంటే బాగుంటుంది.

తరువాత కాలువ వెంట గదికి నడిచి వెళ్లి, పడుకునే ముందు ఆ రాత్రి కొత్తగా చెవినపడిన పంక్తులను విన్నవి విన్నట్టుగా, తప్పులతోనే, తెలుగు లిపిలో రాసుకోండి. మర్నాడు రైలులో సాహిత్యంతో పోల్చి చూసుకుంటే, సముద్రమని మీరు రాసుకున్నచోట పాటలో ఉన్నది అమ్మ అని తేలవచ్చు.